సున్నం పూసిన లొట్టి

మూడు రోజుల కిందట నేను రాసిన రిపోర్టును మళ్లీ చదువుకుంటే ఒళ్లు మండింది. అందులో నా చేతిరాత మరీ ధీమాగా ఉంది. "జీను బిగించిన కార్మికుడు గంగన్న, వయసు 51, మద్యం తాగి ఉన్నాడు. పట్టీ వదులుగా కట్టడం వల్లే అతిథి గుర్రం మీంచి పడింది." కింద నా సంతకం: చిరంజీవి, ఇన్వెస్టిగేషన్ ఆఫీసర్. శుక్రవారం మధ్యాహ్నం పదిహేను నిమిషాల్లో కేసు తేల్చేసి ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకున్నాను.

ఇప్పుడు సోమవారం ఒంటిగంట ఇరవై. నాలుగింటికి పోలీసు బండి వచ్చి గంగన్నను తీసుకుపోతుంది. నా రిపోర్టు అలాగే ఉంటే ఆయన జైలుకు పోతాడు. అంతకుముందే నేను రాసింది తప్పు అని నేనే రుజువు చేయాలి.

తప్పని తెలిసింది ఒక ఫొటో వల్ల. ప్రపంచ కప్పుకు ఇంకా తొమ్మిది నెలలుంది కదా, వచ్చే విదేశీయులకు చూపించడానికి మా దోహా కంపెనీ అల్ ఖోర్ దాటాక ఉన్న తన మజ్రాలో, అంటే ఖర్జూర తోటలో, ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కార్డులో ఇలా ఉంటుంది: గుర్రపు స్వారీ, పల్లె భోజనం, స్థానిక వైన్ రుచి. శుక్రవారం పదకొండు మంది వచ్చారు. ఏడూ పదికి స్వారీ మొదలైంది. ఎనిమిదిన్నరకు చెట్ల కింద హరీస్ అనే గోధుమ జావ, బలాలీత్ అనే తీపి సేమియా, పల్చటి రొట్టెలు, వాటితో పాటు గ్లాసుల్లో ఆ 'వైన్'. తొమ్మిదీ ఇరవైకి ఫొటోల కోసం మళ్లీ గుర్రాలెక్కారు. తొమ్మిదీ ముప్పై ఐదుకు క్లారా అనే ఆవిడ కింద పడింది. తల పగిలింది, భుజం ఎముక విరిగింది. మరుసటి నిమిషం ఎవరో తీసిన ఫొటో నాకు నిన్న సాయంత్రం చేరింది. అందులో గుర్రం నిమ్మళంగా నిలబడి ఉంది. దాని వీపు మీద జీను ఎక్కడిదక్కడే ఉంది.

పట్టీ వదులైతే జీను పక్కకు జారాలి కదా. ఆ మాత్రం చూడ్డానికి పదిహేనేళ్ల సర్వీసు అక్కర్లేదు. గంగన్న చొక్కా నుంచి కల్లు వాసన రాగానే నేను గుర్రం వైపే వెళ్లలేదు. సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

*

గంగన్నను గడ్డి గదిలో ఉంచారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూసో గంగన్నా. శుక్రవారం ఎంత తాగినవ్?"

"మీరు ఎంత రాస్తే అంత తాగిన సార్."

వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. అది ఇంకా గుచ్చుకుంది. ఫోనులో ఆయన చొక్కా ఫొటో తీసి చూపించాను. అది కూడా నేను తీసిందే. కుడివైపు నడుం దగ్గర, కాస్త వెనకగా, పెద్ద మరక.

"తాగినోని మరక రొమ్ము మీద ఉంటది. నీ మరక నడుం మీద ఉన్నది. కల్లు లొట్టి నడుంకు కట్టుకొని చెట్టు దిగెటోనికే అక్కడ మరకవడ్తది. నువ్వు తాగలే. చెట్టు గీసినవ్."

ఆయన తల దించుకున్నాడు. కూర్చుని గడ్డిపోచలు ఏరడం మొదలుపెట్టాడు.

"గీసిన అంటే పెద్ద కేసు గద సార్. తాగిన అంటే నన్నొక్కన్ని పంపిస్తరు. సరాయి కాసిన్రు అంటే ఇక్కడోల్లందరిని లోపలేస్తరని రత్నాకర్ సార్ అన్నడు."

రత్నాకర్ ఈ కార్యక్రమానికి సూపర్‌వైజర్. నా భార్య పుష్పకు సొంత తమ్ముడు. ఈ ఉద్యోగం ఇప్పించింది నేనే.

"గీయమన్నది ఎవరు?"

"ఆయనే. కార్డుల వైన్ అని కొట్టిచ్చినం, ఉత్త ద్రాక్ష రసం పోస్తే నవ్వుతరు, నువ్వు గౌడ్‌వు గద, ఇన్ని చెట్లున్నయ్ అన్నడు. మన ఈత చెట్టుకు ఈ ఖర్జూరం పెద్దన్న లెక్క. గీస్తె ఎందుకు పారది? పారింది. శుక్రారం అయిదూ నలభైకి దించి, ఆరింటికి వంటపాకల రత్నాకర్ సార్‌కు ఇచ్చిన. కని నేను కల్లు దించలే సార్. లొట్టిల సున్నం పూసిన."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. సున్నం పూసిన లొట్టిలో పడిన రసం పులవదు. తియ్యటి నీరాగానే ఉంటుంది. చంటిపిల్లలకు కూడా పట్టొచ్చు.

"ఈ సంగతి శుక్రవారం ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే. మీకు చెప్పుడెందుకని గూడ అనుకున్న. మీరు మా దిక్కు ఆబ్కారీ ఎస్సై చేసిండ్రు గద. మీకు నేను యాదికి లేను. నాకు మీరున్నరు," అన్నాడు.

గల్ఫుకు రాకముందు ఏడేళ్లు ఆబ్కారీలో పనిచేశాననేది ఇక్కడ నేను గొప్పగా చెప్పుకునే సంగతి. దాన్ని ఈ గొంతుతో వింటానని అనుకోలేదు.

"మీరున్నప్పుడే డిపో కల్లు నడిసింది సార్. నీళ్లల్ల మత్తు మందు కలిపి అమ్మిన్రు. అది తాగినోల్లు పండుడు మొదలువెట్టిన్రు. కల్లంటే గట్లుండాలె అన్నరు. నా చెట్టు కల్లు సప్పగున్నదన్నరు. నాలుగేండ్లు సూసిన. చెట్టెక్కే మోకు అటక మీదేసి గిటొచ్చిన."

ఆ డిపో ముందు నుంచి రోజూ జీపులో వెళ్లేవాణ్ని. పైవాళ్లు చూడొద్దన్నారు, చూడలేదు.  గంగన్న నన్ను తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

*

రెండుంబావుకు తోటలోకి నడిచాను. మూడో వరసలో ఒక చెట్టుకు, మట్టల కింద, గోనె గుడ్డ చుట్టి ఉంది. కొత్తగా నాటిన మొక్కలకు చుడతారు కానీ ఇంత పెద్ద చెట్టుకు ఎవరు చుడతారు? నిచ్చెన వేసి ఎక్కి గుడ్డ విప్పాను. కింద గీత, నున్నగా, చేయి తిరిగిన గీత. అంచున రసం ఇంకా జిగటగా ఉంది. లొట్టిలు పాక వెనక గడ్డి కింద దొరికాయి, మూడు. గోటితో గీకితే లోపల తెల్లటి పొర రాలింది.

"క్యా చిరంజీవి సాబ్, చెట్లెక్కుతున్రు? ఆబ్కారీ మళ్లా షురూ చేసిన్రా?"

ముజఫ్ఫర్ అలీ. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్, హైదరాబాద్ మనిషి. రాస్ లఫాన్ లేబర్ బస్సు కేసులో నా రిపోర్టును వెస్ట్ బేలోని ఆఫీసులో నలుగురి ముందు చదివి, ఒక్కో వాక్యానికీ ఒక్కో ప్రశ్న వేసి నన్ను నీళ్లు నమిలించాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ పడదు. ఇంకా బాధ ఏమిటంటే, ఆ ప్రశ్నలన్నీ న్యాయమైనవే.

"రిపోర్టు వాపస్ తీసుకుంటున్న," అన్నాను.

"వాపస్? అది మీ సైన్ కాదా? మీ రిపోర్ట్ మీద నేను నా రిపోర్ట్ ఇచ్చేసిన. నాలుగింటికి బండి వస్తది. ఇప్పుడు మీకు నచ్చలేదంటే?"

"గంగన్న తాగలేదు. నీరా దించిండు. ఇది చూడండి, సున్నం. ఇందులో పడ్డది కల్లు కాదు."

లొట్టి చేతిలోకి తీసుకుని, లోపల వేలు పెట్టి రుద్ది, వేలు చూసుకున్నాడు. మనిషిలో నాకు నచ్చేది ఇదొక్కటే. ఎంత ఎగతాళి చేసినా వస్తువును చూడకుండా వదలడు.

"సరే. మరి శుక్రవారం రెండింటికి మీకొచ్చిన వాసన?"

"గీత నుంచి లొట్టి బయటవైపు కారి చొక్కాకు అంటిన చుక్కలకు సున్నం ఎక్కడిది? పొద్దున అయిదూ నలభైకి పడ్డయి. ఎనిమిది గంటలు ఎండల ఉన్నయి. గుడ్డలోనే పులిసినయి. నేను వాసన చూసింది చొక్కాను. మనిషిని కాదు."

"యానీ, అంటే మీరు నోరు వాసన చూడలేదు."

"చూడలేదు."

"ఇది రాసిస్తరా?"

"రాసిస్త."

ఆ జవాబు ఆయన ఊహించలేదు. నోటుబుక్కులో ఏదో గీసుకుని, తల ఎత్తకుండా అన్నాడు.

"పొద్దున దవాఖానాకు పోయిన. క్లారా మేడమ్ మాట్లాడుతున్నది. ఆవలింతలొచ్చినయి, అంతే యాద్ ఉంది అన్నది. ఇంకో ఇద్దరు వాపస్ పోతుంటే బస్సులో దోహా దాకా లేవనే లేదంట. ఇప్పుడు మీరు చెప్పున్రి, చంటిపిల్లలు తాగే నీరాతో నిద్ర ఎట్ల వస్తది?"

నా దగ్గర జవాబు ఉంది: డిపో కల్లులో లాగే ఇందులోనూ ఎవరో మత్తు కలిపారు. దాన్ని నోటితో చెప్పడం ఇష్టం లేక ముందు నడిచాను. గుర్రపు శాలలో జీనులు పెట్టే గదిలో డాక్టర్ మందుల బీరువా ఉంది. తాళం చెవి పక్కనే మేకుకు వేలాడుతోంది, ఎవరైనా తీయొచ్చు. రెండో అరలో గుర్రాలకు మత్తిచ్చే పొడి డబ్బా. సీలు చిరిగి ఉంది. గుర్రాల డాక్టర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. డబ్బా తెచ్చి ఇరవై రోజులైంది, నేను దాన్ని ముట్టుకోలేదు అన్నాడాయన.

ముజఫ్ఫర్ అలీ డబ్బాను గుడ్డతో పట్టుకుని సంచిలో వేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. గొంతులో ఎగతాళి పోయింది.

"సాబ్, మీకు అర్థమైతున్నదా మీరేం చేసిన్రో? పొద్దున దాకా ఇది తాగి చేసిన గల్తీ. ఇప్పుడు జహర్, విషం పెట్టిన కేసు. కల్లులో మత్తు కలిపే అలవాటు ఎక్కడిది? మీ దిక్కుదే. ఇక్కడ ఆ దిక్కు కల్లు మనిషి ఎవరు? గంగన్న ఒక్కడే. అయిదూ నలభైకి లొట్టిలు దించిండు. ఆరింటికి గుర్రాల కాడికొచ్చిండు. మధ్యల ఇరవై నిమిషాలు ఎవరు చూసిన్రు?"

కాపాడదామని వచ్చి ఆయన్ను ఇంకా లోతుకు తోశాను.

"ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా లొట్టిలు వంటపాకలో రత్నాకర్ దగ్గర ఉన్నయి," అన్నాను. "అవి రెండున్నర గంటలు."

"రత్నాకర్. మీ బామ్మర్ది."

"పిలవండి."

*

మూడూ పదికి రత్నాకర్ జీనుల గదికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. నన్ను చూసి నవ్వబోయి, పక్కన ముజఫ్ఫర్ అలీని చూసి ఆపుకున్నాడు.

"గ్లాసుల పోసింది ఎవరు?" అడిగాను.

"నేనే. లొట్టిల ఎట్లున్నదో అట్ల పోసిన."

"నువ్వు తాగినవా?"

"డ్యూటీల ఏం తాగుత బావా?"

"ముందు వారం గూడ పెట్టినవు గద. వాళ్లేమన్నరు?"

"చక్కెర నీళ్లన్నరు." ఆ మాట ఇంకా మండుతున్నట్టుంది, ముఖం ఎర్రబడింది. "ఒకాయన అందరి ముందట గ్లాసు నేల మీద వంచిండు. ఇదేనా మీ వైన్ అన్నడు. కప్పుకొచ్చెటోల్లకు రోజు వంద మందికి మనమే పెట్టాలని నేను తిరుగుతుంటే..."

"అందుకని?" అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

"అందుకని ఏం లేదు."

సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడాయన. రత్నాకర్ చూపు దాని మీద ఒక్క క్షణం ఆగి నా మీదికి వచ్చింది.

"ఇదేందో నాకు ఎర్కలేదు బావా. పుట్టినకాడ్నుంచి నేను కల్లు ముంత ముట్టలే, మా అక్కనడుగు. కల్లుల ఏం కలుపుతరో గౌడ్‌లకు ఎర్కుంటది. గంగన్నకు ఎర్కుంటది. నాకు ఎవలు చెప్తరు?"

మెల్లగా, నా కళ్లలోకి చూస్తూ, ఇంకో మాట కలిపాడు.

"అంతే గద బావా?"

ముజఫ్ఫర్ అలీ నా వైపు చూశాడు. నేను అంతే అంటే చాలు. ఆ మాట కోసం రత్నాకర్ నిలబడ్డాడు. నేను అంటాననే నమ్మకంతో నిలబడ్డాడు.

జనవరి మొదటి శుక్రవారం, అల్ ఘర్రాఫాలో మా ఇంట్లో భోజనాలు. ఆరుగురు స్నేహితులు, రత్నాకర్. పుష్ప వడ్డిస్తోంది. నేను నా ఆబ్కారీ రోజుల ముచ్చట్లు ఎత్తుకున్నాను. ఆ ముచ్చట్లు చెప్పేటప్పుడు నాకు ఒళ్లు తెలియదు. డిపోవాళ్లు నీళ్లలో పొడి కలిపి ఎలా కల్లు చేస్తారో చెప్పాను. ఒకాయన సైకిల్ తొక్కుతూ తొక్కుతూనే నిద్రపోయి, హ్యాండిల్ మీద తల వాల్చి ఎలా పడ్డాడో కుర్చీలోంచి లేచి నటించి చూపించాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. అప్పుడు రత్నాకర్ అడిగాడు, గుర్రాల మందు సుత పనిచేస్తదా బావా అని. నేను నవ్వుతూ ఏమన్నానో అక్షరం కూడా మరిచిపోలేదు. "గుర్రాన్నే పండవెట్టేది మనిషిని పండవెట్టదారా?"

క్లారా గుర్రం మీద అలాగే పడి ఉంటుంది, తల వాల్చి. నేను నటించి చూపించినట్టే.  ఇంతసేపూ దొంగ కోసం వెతుకుతూ నేను ఆ బీరువా దగ్గరికి అంత సూటిగా ఎలా నడిచానో ఇప్పుడు అర్థమైంది. నా లోపల ఎక్కడో ఆ సంగతి నాకు ముందే తెలుసు.

నేను నోరు మూసుకుంటే పుష్ప తమ్ముడు బతుకుతాడు. నా ఉద్యోగం ఉంటుంది. గంగన్న మాటకు విలువ ఉండదు, ఎందుకంటే చెట్టు గీసింది ఆయనే. రత్నాకర్‌కు ఈ విద్య తెలుసని చెప్పగల సాక్షిని ఈ గదిలో నేనొక్కణ్నే.

"నేను చెప్పిన," అన్నాను.

"ఏంటిది?" అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

"కల్లుల మత్తు ఎట్ల కలుపుతరో రత్నాకర్‌కు నేను చెప్పిన. గుర్రాల మందు పనిచేస్తదా అని అడిగితే చేస్తది అన్న. జనవరిల, మా ఇంట్ల. విన్నోల్లు ఇంకా ఆరుగురున్నరు. పేర్లిస్త."

రత్నాకర్ వెనక్కి వెళ్లి గోడకు ఆనుకున్నాడు. "చిటికెడే బావా," అన్నాడు. "కొంచెం ఊపు రావాలని. ఆమె మళ్ల గుర్రమెక్కుతదని నాకేం ఎర్క?" మెడలోని కంపెనీ కార్డు తీసేశాడు. "అక్కకు ఏం చెప్తవు?"



ముజఫ్ఫర్ అలీ నోటుబుక్కు మూశాడు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సోచ్ లో సాబ్, ఒక్కసారి ఆలోచించున్రి. ఆయన ఒప్పుకున్నడు, మీ బామ్మర్దిని బండి ఎక్కిస్త. గంగన్న బచ్ గయా. మీరు చెప్పిన్రు అన్న మాట నేను రాయకపోయినా నడుస్తది. రాస్తే మీ నౌకరీ పోతది, మిమ్మల్ని సుత పిలుస్తరు. నేను విన్ననా, వినలేదా?"

నాలుగేళ్లుగా ఈ మనిషి నన్ను ఎక్కడ దొరికితే అక్కడ కడిగేశాడు. ఈ రోజు దయ చూపిస్తున్నాడు. దానికంటే ఆ నలుగురి ముందు అవమానమే నయం.

"రేపు రత్నాకర్ ఒప్పుకోలేదంటడు. మళ్లా గంగన్న మీదికే వస్తది. విన్నరు. రాసుకోండి."

ఆయన తల ఊపి, కాగితం, కలం నా ముందుకు తోశాడు. "మీ స్టేట్‌మెంట్ మీ చేతితోనే రాయున్రి."

అప్పుడు తలెత్తితే గుమ్మంలో గంగన్న కనిపించాడు. సంతకం కోసం పిలిపించారట. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు. చెప్పులు బయట విప్పి ఉన్నాయి.

"అందరు నవ్విన్రా సార్, ఆ ముచ్చటకు?"

"నవ్విన్రు."

"సైకిల్ మీద పండినాయినది మా పక్కూరు." గంగన్న లోపలికి రాలేదు. "మీరు జీపు ఆపి సూసి నవ్వుకుంట పోయిన్రని ఊరోల్లు చెప్పిన్రు. ఆయన మళ్ల లేవలే సార్. మూడో దినం దవాఖానల పోయిండు. మీకు ఎర్కేనా?"

నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. పద్నాలుగేళ్లుగా ఆ మనిషిని నేను ప్రతి విందులోనూ కుర్చీలోంచి లేచి నటించి చూపిస్తూనే ఉన్నాను.

ముజఫ్ఫర్ అలీ లేచి వెళ్లి, గంగన్నను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "చిరంజీవి సాబ్, ఇది రాస్తే ఇక్కడితో ఆగది," అన్నాడు. "ఇండియాలో గూడ కేసు తెరుస్తరు."

బయట బండి ఆగిన చప్పుడయింది. నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"ఆయన పేరేంది గంగన్నా?"

"ఆశన్న," అన్నాడు. "ఆశన్నని రాయిండ్రి."

నా పేరు కంటే ముందు ఆ పేరు రాశాను.